నేలనెమలికి దిష్టిబొమ్మ

ఆ రోజు పొద్దున్నే నేను చేనుకు సద్ది తీసుకుని పోతున్నాను. ముందు రోజు సాయంత్రం మంచి వాన పడింది. బెళుగుప్ప పక్క మెట్టభూముల్లో అలాంటి వాన పడిన మర్నాడు ఇంట్లో ఎవరూ ఉండరు. పదును ఆరకముందే విత్తనం పడాలని ముసలీ ముతకా అంతా చేలలోనే ఉంటారు. మా చెనక్కాయ చేను పక్కనే మాదే ఒక బీడు ఉంది. బోరు ఎండిపోయినప్పటి నుంచి దున్నకుండా వదిలేసిన నేల. నిండా మోకాలెత్తు గడ్డి, దాని వెనకాల దూరంగా తిరిగే గాలిమరలు తప్ప అక్కడ చూడ్డానికి ఏమీ ఉండేది కాదు.

ఆ గడ్డిలోంచి నల్లటిది ఒకటి నిట్టనిలువుగా మనిషెత్తు లేచింది. గాలిలో ఒక్క క్షణం రెక్కలు టపటపలాడించి మళ్లీ అక్కడే దిగిపోయింది. ఎవరో గడ్డిలో పడుకుని నల్లకోడిని పైకి విసిరి పట్టుకున్నట్టుంది. నేను నిలబడిపోయాను. కాసేపటికి మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. కప్ప అరిచినట్టు గరగరమని శబ్దం కూడా చేసింది. సద్ది క్యారియర్ గట్టు మీద పెట్టేసి, చెప్పులు ఎక్కడ జారిపోయాయో కూడా చూసుకోకుండా మా ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"ఏమే, పాము కనపడిందా?" అన్నాడు ఆయన, ట్రాక్టరు పక్కన నిలబడి.

"పాము కాదప్పా, పిట్ట! గడ్డిలోంచి పైకి దూకుతాండాది. దిగుతాండాది, మళ్లా దూకుతాండాది!"

"పిట్ట దూకుతాందంట! ఎండ ఇంకా పైకి రాకముందే నీ తలకెక్కినట్టుండాది" అన్నాడు. ట్రాక్టరు తోలే మనిషి పళ్లికిలించాడు. నాకు ఒళ్లు మండింది. అసలే నాకు నోరెక్కువని ఊరంతా అంటారు. ఇద్దరికీ కలిపి నాలుగు వడ్డించబోతుండగా, అవతల విత్తనాల గోతాం దగ్గర కూర్చున్న మా మామ లేచి వచ్చాడు.

మా మామ మా ఆయనకు తండ్రి, నాకు మేనమామ కూడా. డెబ్బై దాటిన మనిషి. ఎవరు ఏం చెప్పినా "ఆఁ, చూద్దాంలే" అనడం తప్ప ఎవరి మాటా వినే అలవాటు లేదు. ఆ పొద్దు మాత్రం నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నల్లగా ఉండాదా?"

"నల్లగానే ఉండాది మామా. రెక్కల్లో తెలుపు."

"తలమీద సన్నగా ఈకలు ఎనక్కి వంగినాయా?"

"అంత దగ్గరగా చూడ్లేదు."

ఇంకేమీ అడక్కుండా బీటివైపు నడిచాడు. మోకాళ్ల నొప్పులని మంచం దిగడానికే మూలిగే మనిషి, ఆ రోజు నేను వెనకాల పరిగెత్తాల్సి వచ్చింది. గట్టు మీద నిలబడి చూశాడు. పిట్ట లేచింది, దిగింది. మామ అక్కడికక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

"నేలనెమలే! నా పెండ్లి కాకముందు చూసినా తల్లీ. ఇదే బీట్లో. మళ్లా చూడకుండానే పోతా అనుకున్నా" అని నా చెయ్యి పట్టుకున్నాడు. మా వైపు మామలు కోడళ్ల చేతులు పట్టుకోరు. ఆ రోజు పట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అంత సంతోషం ఆ మనిషి ముఖంలో నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి చూడలేదు.

చిక్కేమిటంటే, మా ఆయన ఆ మర్నాడే ఆ బీడు దున్నించాలని ట్రాక్టరు మాట్లాడి పెట్టుకున్నాడు. గడ్డి కోసం నేలను వదిలేసుకుంటే మన కంటే తెలివితక్కువ వాళ్లు ఎవరుంటారని ఆయన వాదన. మామ ఒకటే మాటన్నాడు: "బీట్లో నాగలి పెడితే నేను అడ్డం పడుకుంటా." నేను ఆయన పక్కన చేరాను. "నేనూ పడుకుంటా" అన్నాను. మా ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తల కొట్టుకుని, చివరికి ఆయన కూడా గట్టెక్కి చూశాడు. పిట్ట ఆయన కోసమే అన్నట్టు ఇంకా ఎత్తుకు లేచింది. "ఓయబ్బో!" అన్నాడు. అంతే, దున్నడం మాట మర్చిపోయి ఫోను తీసి వీడియో పట్టసాగాడు.

అంతకు ముందు సంవత్సరం అనంతపురం నుంచి ఒక లెక్చరరు మెడలో కెమెరా వేసుకుని మా పక్క బీళ్లన్నీ తిరిగాడు. మా ఇంట్లో మజ్జిగ తాగి, ఏదైనా వింత పిట్ట కనిపిస్తే చెప్పమని నంబరు ఇచ్చిపోయాడు. ఆయనకు ఫోను చేశాను. నేను చెప్పడం పూర్తి కాకముందే పెద్దగా కేక పెట్టాడు. దేశంలోనే అవి చాలా తక్కువ మిగిలాయని, ఇలాంటి గడ్డినేలలు పోవడం వల్లే అవీ పోతున్నాయని, గెంతేది మగదని, ఆడది నేల మీదే గుడ్లు పెడుతుందని గబగబా చెప్పాడు. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండమ్మా. ఫొటోలు, వీడియోలు ఎవరికీ పంపొద్దు. జనం గుంపులుగా వస్తే అది ఉండదు" అన్నాడు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మెల్లగా ఫోను జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే స్టేటస్ పెట్టేశాడు మహానుభావుడు.

ఇంకేముంది, మోటారు సైకిళ్లు మొదలయ్యాయి. మా ఊరి వాళ్లు, పక్క ఊరి వాళ్లు, గుంతకల్లులో రైల్వేలో పనిచేసే మా ఆయనకు తమ్ముడు వరసయ్యే అతను, అతని వెంట ఇంకో నలుగురు. ఎవరొచ్చినా మామే గట్టు మీద నిలబెట్టి, గట్టు దిగితే కాళ్లు విరగ్గొడతానని బెదిరించి చూపించేవాడు. ఊళ్లో పెండ్లి జరుగుతున్నట్టు ఆయన తెల్లచొక్కా కూడా వేసుకోసాగాడు.

తర్వాత కొన్నాళ్లకు దూడ తాడు తెంచుకుని బీట్లోకి పోతే, మా ఆయన దాని వెంట పోయాడు. ఆయన కాళ్ల కిందనుంచే ఎండుగడ్డి రంగు పిట్ట ఒకటి లేచి పరిగెత్తింది. చూస్తే గడ్డి మధ్య కాస్త గుంట, దాంట్లో మూడు గుడ్లు. పచ్చా గోధుమా కలిసిన రంగు, నూనె రాసినట్టు మెరుపు. మా ఆయన అక్కడ్నుంచి అడుగు తీసి అడుగు వేస్తూ వెనక్కి వచ్చిన తీరు చూడాలి. దున్నుతానన్న మనిషే, "నాయనా, గుడ్లు! మన బీట్లో గుడ్లు!" అని చిన్నపిల్లోడిలా అరిచాడు.

ఆ కబురు కూడా దాగలేదు. మర్నాడు జనం ఇంకా ఎక్కువ వచ్చారు. మామ మాత్రం ముందురోజుల్లాగా సంతోషంగా లేడు. వచ్చినవాళ్లు పిట్టను చూస్తుంటే ఆయన వాళ్లని చూస్తున్నాడు. సాయంత్రం సంగటి ముద్ద కూడా సగం వదిలేశాడు.

"ఏం మామా, ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"ఇంతమంది కండ్లు పడుతాండాయమ్మా. పాపం, అది ఏం తట్టుకుంటాది?" అన్నాడు.

నేను అది పట్టించుకోలేదు.

మా వైపు ఏది ఏపుగా ఉన్నా ముందు దానికి దిష్టిబొమ్మ కడతారు. కట్టే ఇంటికి, కాసే టమోటా తోటకి, బాగా అల్లుకున్న చెనక్కాయ చేనుకి. ఏది కాపాడాలన్నా చుట్టూ ముళ్లకంప కొడతారు. మా మామకు ప్రాణం లాంటి వస్తువు దొరికింది. ఆయన ఏం చేస్తాడు? తెల్లారేసరికి రెండూ చేశాడు. ఆడపిట్ట మేతకు పోయిన సమయం చూసి, కుక్కలూ గొర్రెలూ రాకుండా గుడ్ల చుట్టూ గుండ్రంగా కంప పరిచాడు. కంప పక్కన కట్టె పాతి దానిమీద కుండ బోర్లించాడు. కుండకు సున్నంతో గుడ్లగూబ కళ్లు, మసితో మీసాలు, ఎర్రగా వేలాడే నాలుక. ఒంటికి మా ఆయన పంచాయతీ ఎలక్షన్లప్పుడు కుట్టించుకున్న ఖద్దరు చొక్కా. అంతటితో ఆగితే మా మామ ఎందుకవుతాడు? చుట్టం ఇంటికి వస్తే నీళ్లియ్యకుండా ఉంటామా అని బొచ్చెతో నీళ్లు, గుప్పెడు జొన్నలు కూడా లోపల పెట్టాడు.

నేను పోయేసరికి గట్టు మీద నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇంగ ఎవుని కన్నూ పడదు. ఎట్లుండాది?" అన్నాడు. మా ఆయన తన చొక్కా చూసుకుని నోరు తెరిచాడు. నేను బీడు చూశాను. ఆడపిట్ట దూరంగా గడ్డి అంచున మెడ నిక్కించి నిలబడి ఉంది. రెండడుగులు వేసింది. బొమ్మను చూసింది. వెనక్కి తిరిగింది.

నేను వేలెత్తి చూపించాను.

"మామా, అది రాలేక నిలబడుకోనుండాది చూడు."

"వస్తాదిలే. అలవాటు పడల్ల గదా."

ఎండ పైకి వస్తోంది. ఆ పిట్ట మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఈలోగా జనం చేరారు. నేను లెక్చరరుకు ఫోను చేశాను. విషయం వినగానే ఆయన గొంతు మారిపోయింది. "గుడ్లు ఎండలో ఎంతసేపుంటే అంత ప్రమాదమమ్మా, లోపలి పిల్ల ఉడికిపోతుంది. అది నలువైపులా కనిపిస్తేనే కూర్చునే పిట్ట. కంప, బొమ్మ, నీళ్లు, అన్నీ తీసేసి దూరంగా జరగండి" అన్నాడు. స్పీకరు పెట్టాను కాబట్టి మామ కూడా విన్నాడు.

"కంప తీస్తా. బొమ్మ తియ్యను" అన్నాడు.

"ఏంటికి మామా?"

"పెట్టిన బొమ్మను పని తీరకముందే పీకకూడదు. అంతవరకూ అది ఆపిన దిష్టంతా ఒక్కసారే కొడతాది. గుడ్లు మురిగిపోతాయి."

గట్టు మీద పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు అవునవునని తలలు ఊపారు. నాకు కోపం ఆగలేదు. "నీ బొమ్మ మొగం చూస్తే నాకే జ్వరమొచ్చేట్టుండాది. ఆ పిట్ట యాడ వస్తాది? నువ్వు కాపాడేది గుడ్లనా, బొమ్మనా?" అని అరిచాను. జనం నవ్వారు. మామ నవ్వలేదు.

"నీకేం తెలుసమ్మా" అన్నాడు మెల్లగా. "దీన్ని ఇంగొకసారి చూస్తానని ఎన్ని వానలు కాచుకున్నానో నీకేం తెలుసు. నా చేతుల్తో నేనే చంపుకుంటానా?"

తీస్తే కళ్లు పడి పోతాయని ఆయన భయం. తియ్యకపోతే ఎండకు పోతాయని నా భయం. మా ఆయన మధ్యలో నిలబడి, "నాయనా, అదీ..." అని మొదలుపెట్టి, నా వైపు చూసి, "ఏమే, నువ్వు కాస్త గమ్మునుండు" అని ముగించాడు.

అప్పుడు ఆడపిట్ట మూడోసారో నాలుగోసారో వచ్చింది. ఈసారి ఆగలేదు. మెడ వంచి, గడ్డిలో జారినట్టు నడిచి కంప దాకా వచ్చేసింది. గట్టు మీద ఒక్కరూ దగ్గలేదు. కంప చుట్టూ ఒక పక్క తిరిగింది, ఇంకో పక్క తిరిగింది. ముళ్ల సందులోంచి లోపలికి చూసింది. సరిగ్గా అప్పుడే గాలి కొట్టి ఖద్దరు చొక్కా చెయ్యి పైకి లేచింది. పిట్ట నేలకు అతుక్కుపోయి, మరుక్షణం లేచి పరుగో పరుగు. బీడు అవతలి కొసకు పోయి నిలబడి ఇటే చూస్తోంది. ముక్కు తెరుచుకుని ఎగరొప్పుతోంది.

మామ అదంతా చూశాడు. గట్టు దిగి నేరుగా పోయి, కట్టెను రెండు చేతులతో పట్టుకుని ఊడబెరికాడు. కుండ పడి పగిలింది. వట్టి చేతులతోనే కంప లాగేస్తున్నాడు, అరచేతుల్లో ముళ్లు దిగి రక్తం కారుతున్నా ఆగలేదు. నేనూ మా ఆయనా పరిగెత్తి తలా ఒక పక్క లాగాం. జొన్నలతో సహా అన్నీ ఎత్తుకుని గట్టెక్కాం. మామ ఆయాసపడుతూ జనం వైపు తిరిగాడు.

"బొమ్మ పోయినాది. ఇంగ మీ కండ్లకు అడ్డం ఏం లేదు. అందుకని అందరూ అట్ల తిరగండి! బీటికి ఈపు పెట్టి కూచోండి. ఒక్కడు ఇట్ల చూసినా ఊరుకోను!"

"అదేందన్నా, చూసేకి గదా వచ్చినాం" అన్నాడొకడు.

"చూసిండేది సాలు. తిరుగు!"

ఆ గొంతుకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అంతమందీ గట్టు వెంబడి వరసగా, బీటికి వీపు పెట్టి, ఊరి వైపు ముఖం పెట్టి కూర్చున్నాం. ఆ దారిన గొర్రెలు తోలుకుపోయే అతను మమ్మల్ని చూసి, ఇక్కడేమైనా మీటింగా అన్నట్టు ఆగాడు. గొర్రెలను అవతలి దారిన తోలుకుపొమ్మని చెప్పి, అతన్ని కూడా కూర్చోబెట్టాడు మామ.

ఆ కూర్చోవడం ఉందే, నా జన్మలో అంత అవస్థ పడలేదు. వెనకాల ఏం జరుగుతోందో తెలియదు. మెడ దానంతటదే తిరుగుతానంటుంది. "వచ్చిందా?" అని ఒకరు గుసగుస. "నాకేం తెలుసప్పా, నాకేమన్నా ఎనకాల కండ్లుండాయా?" అని ఇంకొకరు. నావల్ల కాలేదు. మెల్లగా ఫోను తీసి, సెల్ఫీ పెట్టి, భుజం మీదుగా బీడు కనిపించేలా పట్టుకున్నాను.

"ఏం చేస్తాండావ్?" అన్నాడు మామ.

"మొగం చూసుకుంటాండా."

"అబద్ధాలు చెప్పకు. దాంట్లోంచి చూస్తే తగలదా?"

"చూసేది ఫోను మామా. నేను ఫోనును చూస్తాండా, అంతే. ఫోనుకు దిష్టెట్లుంటాది?"

మామ చాలాసేపు ఆలోచించాడు. "సరే, నువ్వొక్కదానివే" అన్నాడు.

ఫోనులో సగం నా చెవే కనిపిస్తోంది. మిగతా సగంలో గడ్డి, ఎండ. చెయ్యి లాగుతున్నా కదపలేదు. కాసేపటికి గడ్డిలో ఒక చోట చిన్న కదలిక. మెడ ఒకటి పైకి లేచి, నాలుగు వైపులా చూసి, కిందికి పోయింది. ఇంకాస్త దగ్గర మళ్లీ లేచింది. గుడ్లున్న చోటికి వచ్చి ఆగింది. ఒళ్లంతా ఒకసారి విదిలించుకుంది. కూర్చుంది. మళ్లీ లేవలేదు.

"కూచున్నాది" అన్నాను. "మామా, కూచున్నాది! లేయలేదు! కూచోనే ఉండాది!"

గట్టంతా కదిలిపోయింది. అరవకూడదు కాబట్టి ఒకరి తొడ ఒకరు చరుచుకున్నారు. గొర్రెల అతను, ఏం జరిగిందో సరిగ్గా తెలియకపోయినా, టవాలు గాల్లో తిప్పాడు. మా ఆయన నా భుజం పట్టుకుని ఊపేశాడు. మామ మాత్రం వెనక్కి తిరగలేదు. రక్తం అంటిన చేతులతో ముఖం కప్పుకుని, "కూచున్నాదా? నిజంగానే కూచున్నాదా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ రోజు నుంచి కాపలా ఆయనదే. గట్టుకు ఇవతల వేపచెట్టు కింద మంచం వేసుకున్నాడు. కుక్క వస్తే రాయి విసిరేవాడు. గొర్రెలు వస్తే అవతలికి మళ్లించేవాడు. జనాన్ని బండిదారి మీదే ఆపి వెనక్కి పంపేవాడు. కానీ మంచం మీద కూర్చోవడం మాత్రం బీటికి వీపు పెట్టే. అవతల మగపిట్ట గెంతుతుంటే ఆ గరగర వింటూ కాలితో తాళం వేసేవాడు తప్ప తల తిప్పేవాడు కాదు.

"ఒక్కసారి చూడు మామా, ఏం కాదు" అన్నాను సద్ది ఇస్తూ.

"మీ కండ్లయినా పర్వాలేదు గానీ, నా కండ్లు పడకూడదు" అన్నాడు. "దిష్టి యాడనుంచి వస్తాదనుకున్నావ్? పగోడి నుంచి కాదు. ఆశపడి చూసిన కన్నే గట్టిగా కొడతాది. నాకుండేంత ఆశ ఎవరికుండాది?"

నాకు అలాంటి నమ్మకాలు లేవు. అయినా ఆ మాట విన్నాక ఇంకెప్పుడూ ఆయన్ని చూడమని అడగలేదు.

ఒకనాటి పొద్దున నేను చేలో కలుపు తీస్తున్నాను. తల ఎత్తేసరికి బండిదారి మీద ఆడపిట్ట. ఆగింది. వెనక్కి చూసింది. గడ్డిలోంచి ఉండల్లాంటివి దొర్లుకుంటూ వచ్చాయి. ఒకటి, రెండు, కాస్త ఆలస్యంగా మూడోది, అడుగుకోసారి తూలి పడుతూ. దూది మీద గోధుమ గీతలు గీసినట్టున్నాయి. నేను కలుపుకొంకి పారేసి వేపచెట్టు వైపు ఒకటే పరుగు.

"మామా! పిల్లలు! మూడూ బయటికొచ్చినాయి! బిన్నా రా, తొందరగా! ఇంగ చూడొచ్చు, గుడ్లు కావు, పిల్లలయిపోయినాయి!"

మామ లేచాడు. చెప్పులు వేసుకోకుండా నా చెయ్యి పట్టుకుని వచ్చాడు. గట్టు దాకా వచ్చి, చూపు ఎత్తబోయి, టక్కున భుజం మీది టవాలు తీసి కళ్ల మీద కప్పుకున్నాడు.

"పిల్లలకే ఎక్కువ తగుల్తాది తల్లీ" అన్నాడు. "నువ్వు చెప్పు. నేను ఇంటా."

నేను చెప్పాను. అమ్మ ముందు పోతాందని, పురుగునొకదాన్ని పట్టి కింద పడేసిందని, ఇద్దరు దానికోసం తన్నుకుంటాండారని, ఆఖరుది బండిచక్రం గాడిలో పడి లేయలేక తన్నుకులాడతాందని. "లేచిందా?" అన్నాడు ఆదుర్దాగా. "లేచినాది మామా, ఎక్కేసినాది." ఆయన టవాలు కింద నవ్వుతున్నాడు, బుగ్గలు తడిసిపోయాయి.

"ఎట్లుండాయి? బాగుండాయా?" అన్నాడు.

అబ్బా, ఎంత ముద్దుగా ఉండాయో అని నోటిదాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను.

"ఏం బాగు మామా! గోధుమ మచ్చలు, పుల్లల్లాంటి కాళ్లు. చూసేకి కూడా పనికిరావు" అన్నాను.

మామ టవాలు మీద చెయ్యి తియ్యకుండానే తల ఊపాడు. "సాలమ్మా, సాలు" అన్నాడు.